ఓణీల ఫంక్షన్ చేశాం, ఆ తర్వాత?

ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే మన ఇళ్ళలో ఎంత హడావుడి! మేనమామకి కబురు వెళుతుంది. పిల్లని చాపమీద కూర్చోబెట్టి పేరంటాళ్ళు చిమ్మిలి తినిపిస్తారు. ఇప్పుడైతే కార్డులు అచ్చువేయించి, వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి, ఫంక్షన్ హాల్లో భోజనాలు పెట్టి, వీడియో కూడా తీయిస్తున్నాం. మా పిల్ల ఎదిగిందహో అని ఊరందరికీ చాటుతున్నాం. ఒక్కరికి మాత్రం ఏమీ చెప్పడం లేదు. ఆ పిల్లకి!

"గెంతకు, మగపిల్లలతో మాట్లాడకు, చున్నీ సరిగ్గా వేసుకో" అంటాం. అంతే. తన ఒంట్లో ఏం జరిగింది, ఆ నెత్తురు ఎందుకు వస్తోంది, ఇకమీదట ఏ పరిస్థితిలో గర్భం వస్తుంది, రాకుండా ఎలా చూసుకోవచ్చు అన్న సంగతులు ఎవరూ విప్పి చెప్పరు. పదమూడేళ్ళ పిల్లకి పట్టుచీర కట్టబెట్టి ఫొటోలు తీయడానికి లేని సిగ్గు, ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఎక్కడినుంచి వస్తుందో!

కాలేజీ అమ్మాయిలతో మాట్లాడే అవకాశం నాకు అప్పుడప్పుడూ వస్తుంటుంది. పైకి అడగడానికి మొహమాటపడతారని, పేరు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాసివ్వమంటాను. "మొదటిసారి అయితే కడుపు రాదట కదా మేడమ్?" "ఆ మాత్ర ఒకసారి వేసుకుంటే నెలంతా భయం ఉండదా?" "ముద్దు పెట్టుకున్నా ప్రమాదమేనా?" ఇవీ ప్రశ్నలు. ఇంటర్‌లో బైపీసీ చదివి, వానపాము పునరుత్పత్తి గురించి పేజీలకు పేజీలు అప్పజెప్పగల పిల్లలు రాసినవి! నాకు వీటిలో విచ్చలవిడితనం ఎక్కడా కనిపించలేదు. కనిపించిందల్లా భయం.

ఈ తెలియనితనం ఒకరిద్దరిది కాదు. 2006-07లో ఆరు రాష్ట్రాల్లో 15 నుంచి 24 ఏళ్ళ యువతను ప్రశ్నించి ఒక పెద్ద సర్వే చేశారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మొదటి కలయికతోనే గర్భం రావచ్చన్న సంగతి అందులో సగంమందికి కూడా తెలియదు. అప్పటికంటే ఇప్పుడు చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా అంటారేమో. ఫోన్లో దొరికేది బూతు. అదే శాస్త్రం అనుకుంటే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

"మా పిల్లలు అలాంటివాళ్ళు కారు"

ఈ విషయం ఎత్తగానే తల్లులు మొట్టమొదట చెప్పే మాట ఇది. కానివ్వండి. కానీ గర్భనిరోధం గురించి తెలియవలసింది ప్రేమలో పడ్డ పిల్లలకి మాత్రమేనా?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఒకసారి చూడండి. 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే. కేరళలో ఆరుగురే. ఇక 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిలలో, సర్వే నాటికే తల్లులైనవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12 మందికి పైగా ఉన్నారు. దేశం మొత్తంమీద సగటు 7 కూడా లేదు. తెలంగాణలో 6 లోపే.

ఈ పిల్లల్లో చాలామంది మెడలో పసుపుతాడు ఉన్నవాళ్ళే. అంటే చదువు మానిపించి, మంచి సంబంధం పోతుందని, లేదా "ఎవడితోనైనా వెళ్ళిపోతుందేమో" అని భయపడి మనమే పెళ్ళిచేసి పంపినవాళ్ళు. పదిహేడేళ్ళకి అత్తారింట్లో అడుగుపెట్టిన పిల్లకి "ఒక రెండేళ్ళు ఆగమ్మా, ఇదిగో ఇలా ఆగొచ్చు" అని చెప్పేవాళ్ళు ఎవరు? అత్తగారు నెల తిరక్కుండానే విశేషం అడుగుతుంది. తల్లి "వాళ్ళింటి మాట వినమ్మా" అంటుంది. భర్తకీ ఏమీ తెలియదు. 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో దేశమంతటా నూటికి 59 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. ఆ రక్తంతోనే ఆ పిల్ల ఇంకో ప్రాణాన్ని మోయాలి. ఈ వయసు గర్భిణులకు గుర్రపువాతం ముప్పు ఎక్కువనీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువనీ ఏ డాక్టరునడిగినా చెబుతారు.

పిల్లలు చెడిపోతారని చెప్పకుండా దాచిన విషయం, పెళ్ళయ్యాక కూడా చెప్పం. మరి ఎప్పుడు చెబుతాం?

మనకి తెలిసింది ఆపరేషన్ ఒక్కటే

తల్లులు చెప్పడం లేదని వాళ్ళని ఆడిపోసుకోవడం తేలికే. కానీ నాకో అనుమానం ఉంది. మనకి తెలిస్తే కదా చెప్పడానికి!

కుటుంబ నియంత్రణలో మన రాష్ట్రాలు దేశానికే ఆదర్శమని ఎన్నాళ్ళనుంచో చెప్పుకుంటున్నాం. ఆ నియంత్రణ అంతా దేనితో జరిగింది? కు.ని. ఆపరేషన్‌తో. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి ఉన్న ప్రతి 10 మంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఈ ఆపరేషన్ అయిందని అదే సర్వేలో తేలింది. తెలంగాణలో ఆరుగురికి పైనే. నిరోధ్, మాత్రలు, కాపర్ టీ, ఇంజక్షన్ అన్నీ కలిపినా ఆంధ్రప్రదేశ్‌లో వాడేవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో. వేసెక్టమీ చేయించుకున్న భర్తలైతే నూటికి ఒక్కరు కూడా లేరు!

దీని అర్థమేమిటి? మన తరం ఆడవాళ్ళ జీవితం ఇలా సాగింది: పెళ్ళి, వెంటనే ఒక బిడ్డ, ఆ వెనకే ఇంకో బిడ్డ, ఆపరేషన్. పాతికేళ్ళు నిండేసరికి అధ్యాయం ముగిసింది. మొదటి కాన్పు వాయిదా వేసుకోవడం, బిడ్డకీ బిడ్డకీ ఎడం పాటించడం మనలో చాలామంది ఎరగరు. నిరోధ్ పొట్లం చేత్తో పట్టుకుని చూడని తల్లి, దాని గురించి కూతురికి ఏం చెబుతుంది? "ఇద్దరు పుట్టాక ఆపరేషన్ చేయించుకో" అన్నది తప్ప ఆమె దగ్గర ఇవ్వడానికి వేరే విజ్ఞానం లేదు. ఆ సలహా పదహారేళ్ళ పిల్లకీ, ఇప్పుడే పెళ్ళయిన పిల్లకీ ఎందుకూ పనికిరాదు.

మన మౌనానికి సిగ్గు ఎంత కారణమో, ఈ ఖాళీ కూడా అంతే కారణమని నేననుకుంటాను. కాబట్టి ముందు నేర్చుకోవలసింది మనం.

బడి తలుపు ఎందుకు మూసుకుంది?

ఇంట్లో చెప్పకపోతే బడిలోనైనా చెప్పాలి కదా. 2005లో కేంద్ర ప్రభుత్వం ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. అందులోని బొమ్మలు అసభ్యంగా ఉన్నాయని గొడవ లేచింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఆ తర్వాత విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకు వెళ్ళింది. మన ఎం. వెంకయ్యనాయుడు గారు అధ్యక్షులుగా ఉన్న ఆ కమిటీ, బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ ఉండకూడదని 2009లో నివేదిక ఇచ్చింది.

తర్వాత 2014లో 10-19 ఏళ్ళ పిల్లల ఆరోగ్యం కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య పాఠాల పథకమూ వచ్చింది. కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ క్లాసులో ఆ పాఠం రాగానే "ఇది ఇంటిదగ్గర చదువుకోండి" అనే మాస్టార్లు ఎంతమందో మీకు తెలియదా? మాస్టారు ఇంటికి పంపిస్తాడు, ఇల్లు మాస్టారి దగ్గరికి పంపిస్తుంది. మధ్యలో పిల్ల స్నేహితురాలిని అడుగుతుంది. ఆ స్నేహితురాలికీ అంతే తెలుసు.

చెబితే పిల్లలు పాడైపోతారన్న భయం చాలామందిది. ఇది తేలని ప్రశ్నేమీ కాదు. ఎన్నో దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో మార్గదర్శకాలు విడుదల చేసింది. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి సంబంధాల్లోకి దిగినట్టు వాటిలో ఎక్కడా తేలలేదు. తెలిసిన పిల్లలు జాగ్రత్తపడటమే ఎక్కువ.

చట్టం రక్షిస్తోంది, భయపెడుతోంది కూడా

ఇక్కడ మనం తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. అంతకుముందు సమ్మతి వయసు 16 ఏళ్ళు. పోక్సో దాన్ని 18 చేసింది. అంటే 18 లోపు అమ్మాయి తన ఇష్టంతోనే దగ్గరైనా చట్టం దృష్టిలో అది నేరమే. భర్త అయినా సరే, భార్యకు 18 నిండకపోతే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు చెప్పింది.

పసిపిల్లల మీద ఘోరాలు చేసేవాళ్ళని శిక్షించడానికి ఈ చట్టం కావాలి. అందులో రెండోమాట లేదు. కానీ ఇందులో ఇంకో నియమం ఉంది. ఇలాంటి విషయం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా. డాక్టరుకైనా ఇదే నియమం. ఈ సంగతి చెవిన పడ్డ పదిహేడేళ్ళ పిల్ల డాక్టరు దగ్గరికి వెళుతుందా? వెళితే తనకిష్టమైన అబ్బాయి జైలుకి, తన పేరు ఊళ్ళోకి. అందుకని వెళ్ళదు. నెల తప్పినా బిగబట్టుకుని కూర్చుంటుంది.

ఈ ఇబ్బందిని సుప్రీంకోర్టు గుర్తించింది. 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో, మైనరు అబార్షన్‌కి వచ్చినప్పుడు ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు రాయనక్కరలేదని చెప్పింది. పెళ్ళికాని స్త్రీలకూ అబార్షన్ విషయంలో పెళ్ళయినవాళ్ళతో సమానంగా హక్కు ఉందని అదే తీర్పు తేల్చింది. ఈ కబురు ఎంతమంది తల్లులకు చేరింది?

సమ్మతి వయసు తగ్గించవద్దని లా కమిషన్ 2023లో సిఫారసు చేసింది. 16-18 మధ్య పిల్లలు ఇష్టపడిన కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు విచక్షణ ఉండాలని మాత్రం చెప్పింది. 2025లో సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ ఆ వయసును 16కి తేవాలని సుప్రీంకోర్టులో వాదిస్తే, కేంద్రం ఒప్పుకోలేదు. ఇరువైపులా న్యాయమైన మాటలున్నాయి. వయసు తగ్గిస్తే మాయమాటలు చెప్పే పెద్దవాళ్ళు తప్పించుకుంటారన్న భయం నిజమే. ఉన్న చట్టంతో ఈడుజోడు పిల్లలు నేరస్థులవుతున్నారన్నదీ నిజమే.

కానీ 2025 మే నెలలో సుప్రీంకోర్టు ముగించిన ఒక పశ్చిమ బెంగాల్ కేసు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పద్నాలుగేళ్ళ వయసులో ఇల్లు విడిచి, తనకంటే బాగా పెద్దవాడైన ఒకడితో వెళ్ళిపోయిన పిల్ల ఆమె. నేరం జరిగిందని కోర్టు స్పష్టంగానే చెప్పింది. కానీ ఆ తర్వాత పోలీసులు, కోర్టులు, కుటుంబం పెట్టిన క్షోభే ఆమెను ఎక్కువ బాధించిందని గమనించి, శిక్ష విధించకుండా వదిలింది. తెలిసి నిర్ణయించుకునే అవకాశం ఆమెకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదని కూడా అంది. ఆ మాట కోర్టు మనతో అన్నట్టే నాకు వినిపించింది.

కోర్టులు, కమిషన్లు వయసు సంగతి తేలుస్తాయి. 16 అయినా, 18 అయినా, ఆ రోజు వచ్చేనాటికి పిల్లకి ఏం తెలిసి ఉండాలన్నది మాత్రం ఇంట్లో తేలాల్సిందే.

చివరికి దిక్కు మెడికల్ షాపు

అమ్మ చెప్పదు, మాస్టారు చెప్పడు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఇక మిగిలింది వీధి చివర మెడికల్ షాపు. అక్కడ టీవీ ప్రకటనల్లో చూసిన అత్యవసర గర్భనిరోధక మాత్ర చీటీ లేకుండానే దొరుకుతుంది. అబ్బాయి వెళ్ళి కొనుక్కొస్తాడు, అమ్మాయి మింగుతుంది. దాని గురించి ఇద్దరికీ తెలిసింది సున్న.

అందుకని మనం తెలుసుకుందాం. ఈ మాత్ర కలయిక జరిగిన 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది పోగొట్టదు. ఆ తర్వాత జరిగే కలయికకు రక్షణ ఇవ్వదు. సుఖవ్యాధులను, హెచ్‌ఐవీని ఆపదు. పేరులోనే ఉన్నట్టు ఇది అత్యవసరానికే. మాటిమాటికీ వేసుకుంటే నెలసరి లెక్క తప్పుతుంది, ఒరిగేది తక్కువ. గర్భాన్నీ, వ్యాధులనూ రెండింటినీ అడ్డుకునేది నిరోధ్ ఒక్కటే.

దీనికంటే ప్రమాదకరమైనవి అబార్షన్ మాత్రలు. ఇవి డాక్టరు రాసిస్తేనే, తొమ్మిది వారాల లోపే వాడాలి. గుట్టుచప్పుడు కాకుండా కొనుక్కుని మింగితే, గర్భం సంచిలో కాక ట్యూబులో ఉన్నా తెలియదు, నెలలు ఎక్కువైనా తెలియదు. రక్తస్రావం ఆగక ప్రాణం మీదికి వస్తుంది. 18 లోపు పిల్లకి చట్టబద్ధమైన అబార్షన్‌కి సంరక్షకుల లిఖితపూర్వక అంగీకారం కావాలి. సంరక్షకులంటే తల్లీతండ్రే కానక్కరలేదు, ఆ పిల్ల బాగోగులు చూసేవాళ్ళెవరైనా కావచ్చు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల వరకు మైనర్ల విషయంలో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 2021 సవరణ ప్రకారం ఇదీ చట్టం.

కొత్తగా పెళ్ళయిన పిల్లలకైతే సర్కారు ఆసుపత్రిలోనే దారులున్నాయి. నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, కాపర్ టీ ఎప్పటినుంచో ఉన్నాయి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్, ఛాయా మాత్రలు 2017లో తోడయ్యాయి. అన్నీ ఉచితమే. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరో, ఏఎన్‌ఎమ్మో చెబుతారు. నెల తప్పిందేమోనని అనుమానం వస్తే, మూత్ర పరీక్ష కిట్ ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది.

మరి ఎలా చెప్పాలి?

పెళ్ళిచూపుల్లా ఒకరోజు కూర్చోబెట్టి చెబితే పిల్లలు బిగుసుకుపోతారు. జడ వేస్తూ, బట్టలు మడతపెడుతూ కొంచెం కొంచెంగా చెప్పాలి. అయిదేళ్ళప్పుడు ఒంట్లోని భాగాల పేర్లు సరిగ్గా నేర్పాలి. తన మీద చెయ్యి వేసినవాడు ఎక్కడ వేశాడో చెప్పడానికి పిల్లకి మాటలుండాలి కదా! పదేళ్ళకి నెలసరి గురించి చెప్పాలి, అది రాకముందే. పదమూడు, పద్నాలుగుకి గర్భం ఎలా వస్తుందో చెప్పాలి. ఆ పైన, ఎలా రాకుండా చూసుకోవచ్చో, "వద్దు" అన్నమాట ఎవరితోనైనా ఎప్పుడైనా అనొచ్చని, చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి.

ఇదంతా కూతుళ్ళకే అనుకుంటున్నారా? కొడుకులున్న తల్లులూ వినండి. 18 లోపు అమ్మాయితో సంబంధం పెట్టుకున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి పోక్సో కింద కనీస శిక్ష 10 ఏళ్ళు. ఆ అమ్మాయి గర్భవతి అయితే కనీసం 20 ఏళ్ళు. "మగపిల్లాడికేం, తిరిగి చెడడు" అన్న మాటకి ఈ రోజుల్లో ఇదీ ఖరీదు. జాగ్రత్త అమ్మాయి ఒక్కదాని బాధ్యత కాదని, ఆమె కాదంటే కాదనేనని వాడికి మనం కాకపోతే ఎవరు చెబుతారు?

మీకు తెలియని విషయం పిల్ల అడిగితే కంగారుపడకండి. "నాకూ తెలియదు, ఇద్దరం డాక్టరమ్మని అడుగుదాం" అనండి. అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పి ఉంచండి. "ఎంత తప్పు జరిగినా సరే, ముందు నా దగ్గరికే రా. తర్వాత సంగతి ఇద్దరం చూసుకుందాం" అని. అవసరం వచ్చిన రోజున ఆ మాట మీద నిలబడండి. మెడికల్ షాపు ముందు తలవంచుకుని నిలబడవలసిన పిల్ల, ఆ రోజు మీ పక్కన కూర్చుని ఉంటుంది.